పాత హాస్య సినిమా వీసీడీలు మళ్ళీ చూడాలంటే

తిరుపతి ఎండలకు అటక మీద ఉడికిన వీసీడీలను దించగానే ప్లేయర్‌లో పెట్టేయకండి. ముందు లేబుల్ వైపు చూడండి. సీడీలో అద్దంలాంటి పొర ఉండేది ఆ లేబుల్ కిందనే. అక్కడ పొర లేచిపోయుంటే ఇక చేసేదేమీ లేదు. కింది వైపు మురికైతే చుక్క సబ్బునీళ్ళు, మెత్తటి నూలుగుడ్డ చాలు. మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే గీత ట్రాక్ వెంబడే పడి, వరసగా డేటా పోతుంది, బొమ్మ ఆగిపోతుంది.

తర్వాత కంప్యూటర్‌లో పెట్టి, ఎంపెగ్ఏవీ (MPEGAV) ఫోల్డర్‌లో చివర .DAT అని ఉన్న ఫైలును కాపీ చేసుకోండి. వీఎల్సీ (VLC) అనే వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో అలాగే ఆడుతుంది. టీవీకి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాలంటే పేరు చివర .DAT తీసి .MPG అని పెట్టి చూడండి. డిస్కుకు సుమారు 74 నిమిషాలే పడుతుంది కాబట్టి సినిమా రెండు మూడు ముక్కలుగా ఉంటుంది. వరస నంబర్లు వేసుకోండి, లేకుంటే పెళ్ళి ముందు, పెళ్ళిచూపులు తర్వాత!

టీవీలో పిక్చర్ సైజు 4:3 పెట్టండి. 16:9లో సాగదీస్తే సూర్యకాంతం గారి మొహం గుమ్మడికాయవుతుంది. వీసీడీ బొమ్మ 352×288 చుక్కలే కాబట్టి షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, పెంచితే గళ్ళు తేలుతాయి.