పల్లెల్లో పాత ఇల్లు ఏ రకందో గుర్తుపట్టడం ఎలా? (తిరుపతి, చిత్తూరు ప్రాంతం)

పాత ఇంటి ముఖాన్ని నమ్మొద్దు. మట్టిమిద్దెకైనా ముందువైపు సిమెంటు వరండా, టైల్సు, కొత్త రంగు వచ్చేసి ఉంటాయి. డబ్బు చేతికొచ్చినప్పుడల్లా మారేది ముందుభాగమే. అందుకే పెరటి సందులోంచి మొదలుపెట్టి, ముందు కప్పు, తర్వాత గోడ, ఆఖరున వాకిలి చూడండి. టేపు, టార్చి ఉంటే చాలు. వంటింట్లోకి, దేవుడి గదిలోకి ఇంటివాళ్లు రమ్మంటేనే వెళ్లండి.

మొదట కప్పు బల్లపరుపా, వాలా?

బల్లపరుపైతే అది మిద్దె. ఏ మిద్దె అన్నది లోపల తలెత్తి చూస్తేనే తేలుతుంది. లావాటి దూలాలు, వాటికి అడ్డంగా దంతెలు (సన్నటి దూలాలు), ఆ పైన పుల్లలు గానీ రాతిబండలు గానీ కనిపిస్తే మట్టిమిద్దె. బండలు పరిచిన చోట దంతెల మధ్య ఎడం బండ పొడవును బట్టే ఉంటుంది. పైన మట్టి, దాని మీద చవుడు (ఉప్పుమట్టి) పోస్తారు. చవుడు తడిస్తే మెత్తబడి సందులు పూడుకుంటాయి, అందుకే నీళ్లు లోపలికి ఇంకకుండా దోనెలోంచి (మిద్దె అంచున నీళ్లు పోయే గొట్టం) జారిపోతాయి. వానలకు ముందు చవుడు సరిచేయకపోతే నెర్రెలు పడి మిద్దె కురుస్తుంది, ఆనక దూలం కొన పుచ్చిపోతుంది. గోడ మందం కొలవండి. సాధారణంగా అడుగున్నర నుంచి రెండడుగులు ఉంటుంది, అంత బరువు మోయాలి మరి. వెలుగు కోసం కప్పులో వదిలిన గవాచి ఉందా అని కూడా చూడండి. మూసేసినా దాని గుర్తు మిగులుతుంది.

దూలాల మధ్య చిన్న ఇటుకలు అంచు మీద నిలబెట్టి ఏటవాలుగా పేర్చి కనిపిస్తే అది మద్రాస్ టెర్రస్. పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నపు పొర, ఆ సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు ఉంటాయి. వీధిలోంచి చూస్తే ఇది, మట్టిమిద్దె రెండూ ఒకేలా ఉంటాయి, ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. (చంద్రగిరి రాజమహల్‌ను వీటితో పోల్చకండి. రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఆ భవనానికి చెక్క దూలాలే లేవు.)

కప్పు వాలుగా ఉంటే టేపుతో వాలు కొలవండి. అడ్డంగా అడుగు జరిగితే కప్పు ఎంత లేస్తోంది? దాదాపు అడుగు లేస్తే అది బోద (ఇంటి కప్పుకు వేసే గడ్డి) కప్పుకో చెరుకాకు కప్పుకో పెట్టిన వాలు. అంత నిటారుగా లేకపోతే నీళ్లు గడ్డిలో నిలిచి కుళ్లుతుంది. ఏడంగుళాలకు అటూ ఇటూ ఉంటే పెంకుకు పెట్టింది. ఇప్పుడు పైన రేకులున్నా ఈ లెక్క పనికొస్తుంది, ఎందుకంటే చాలామంది గడ్డి తీసి పాత వాసాల మీదే రేకులు వేశారు. వాసాలకు కిత్తనార తాళ్ల కట్లు ఉన్నాయా, కోసిన చెక్కలకు మేకులు కొట్టారా చూడండి. కట్లయితే అది మొదట బోదిల్లే. నడుమ నిట్రాడు (కప్పును మోసే గుంజ), వంగితే తప్ప దూరలేని చూరు కూడా ఆ మాటే చెబుతాయి. మట్టిగోడ తడవకూడదనే చూరును అంత కిందికి దించేవారు.

పెంకుల్లో రెండు రకాలు. నాటుపెంకు కుమ్మరి చేసేది: సారె మీద గొట్టంలా చేసి, నిలువునా రెండుగా చీల్చి కాల్చింది. ఒక వరుస వెల్లకిలా, ఒక వరుస బోర్లా పరుస్తారు. కోతులు, గాలి కదిలిస్తాయి గనక తరచూ మళ్లీ నేయించాలి. మంగుళూరు పెంకు బల్లపరుపుగా, ఒకదానిలో ఒకటి కూర్చునే గాడులతో, ఫ్యాక్టరీ ముద్రతో ఉంటుంది. మంగుళూరులో బాసెల్ మిషన్ (క్రైస్తవ మిషనరీ సంస్థ) పెంకుల ఫ్యాక్టరీ మొదలైంది 1860ల్లో, కాబట్టి ఆ ముద్రున్న పెంకు అంతకు ముందుది కాదు. కానీ ముద్ర పెంకు వయసే చెబుతుంది, ఇంటి వయసు కాదు. పాత పెంకులు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి అమ్ముడుపోతూనే ఉంటాయి.

ఇక లోపలి అమరిక. ఇంటి నడుమ నాలుగు స్తంభాల మధ్య నేల జానెడు పల్లంగా, ఒక మూల నీళ్లు పోయే తూముతో ఉంటే అక్కడ ఒకప్పుడు ఆకాశం కనిపించేది. కోస్తాలో మండువా అనేది ఇలాంటిదే. పైన ఇప్పుడు రేకు కప్పినా ఆ పల్లాన్ని పూడ్చడం అరుదు. పక్కిళ్లతో ఉమ్మడి గోడలు, వాకిలికి రెండువైపులా తిన్నెలు, వీధి నుంచి పెరటి దాకా ఒకే వరుసలో తలుపులు ఉంటే అది అగ్రహారం వరస ఇల్లు. దాన్ని విడిగా కాక వీధి మొత్తంతో కలిపి నమోదు చేయండి.

ఊరు ఎక్కడుందో కూడా రాసుకోండి, పొరుగు సీమను, వానను బట్టి ఇంటి తీరు మారొచ్చు. మొగిలి ఘాట్ ఎక్కితే పలమనేరు వైపు రెండు వేల అడుగుల పైచిలుకు ఎత్తు, కన్నడ సీమ పొరుగు. నగరి, సత్యవేడు వైపు తమిళ సీమ పొరుగు, పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన ఎక్కువ. ఒకే ఇంట్లో రెండు రకాలు కలిసి ఉంటే (ముందు మిద్దె, వెనక బోద వంటిల్లు లాంటివి) ఒకే పేరు పెట్టకుండా ఏ గదికి ఆ గది విడిగా రాయండి. ఏది ముందు కట్టారో రెండు గోడలు కలిసే మూల దగ్గర చూడండి: కట్టుబడి ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటే రెండూ ఒకేసారి కట్టినవి. నిలువునా సందు కనిపించి, ఒక గోడ పూత ఆ సందు వెనక్కి సాగి ఉంటే, పూత ఉన్న గోడే ముందుది.