వీణకి మైకు కొనేముందు

ఏ మైకు కొనాలని అడిగితే ముందు ఒకటి చెప్పండి: వాయించేది గుళ్లోనా, గదిలోనా? రెండుచోట్లకీ ఒకటే కొంటే రెండుచోట్లా సర్దుకుపోవాల్సిందే.

కోనసీమలో కల్యాణోత్సవం అంటే తెలిసిందేగా, షామియానా, పక్కనే మృదంగం, నెత్తిమీద బాక్సులు. అక్కడ కండెన్సర్ (చిన్న చప్పుడుని కూడా పట్టేసే సున్నితమైన మైకు) పెడితే వీణకన్నా జనం మాటలే ఎక్కువ వినపడతాయి, సౌండు కాస్త పెంచగానే కుయ్‌మని కూత. అందుకే కుండ మీది పలకకి అంటించే కాంటాక్ట్ మైకు మేలు. ముందే గట్టిగా అంటించేయకండి, పాలిష్ పాడుచేయని టేపుతో బ్రిడ్జి దగ్గర పెట్టి, రెండు వేళ్ల వెడల్పు అటూ ఇటూ జరుపుతూ వినండి, చోటు మారితే నాదం ఎంత మారుతుందో మీకే తెలుస్తుంది. దీన్ని నేరుగా మిక్సర్‌కి కలిపితే మాత్రం నాదం పీలగా వస్తుంది. మధ్యలో ప్రీఆంపో (మైకు సిగ్నల్‌ని పెంచే పెట్టె), 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న డీఐ బాక్సో (సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే పెట్టె) ఉండాలి. (షాపులో ఈ ముక్క ఎవరూ చెప్పరు, డబ్బులు మాత్రం తీసుకుంటారు.)

అంటించడం ఇష్టం లేకపోతే షూర్ ఎస్‌ఎం57 లాంటి డైనమిక్ మైకు (కండెన్సర్ అంత సున్నితం కాని, కరెంటు అక్కర్లేని రకం) పొట్టి స్టాండుకి పెట్టి కుండకి జానెడు దూరంలో ఉంచండి. వెనకనుంచి వచ్చే శబ్దాన్ని అది తక్కువ తీసుకుంటుంది కాబట్టి మానిటర్ బాక్సు (వాయించేవాళ్లకి వినపడేందుకు పెట్టే స్పీకరు) దాని వెనక వైపుకే రావాలి.

ఇంట్లో రికార్డింగ్‌కి చిన్న డయాఫ్రం (లోపలి పల్చటి పొర) ఉన్న కండెన్సర్, దానికి కేబుల్లోంచే 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) ఇచ్చే ఇంటర్‌ఫేస్, అంటే మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె, చాలు. మైకుని మూరెడు దూరంలో పెట్టి, మెట్లు అయిపోయి కుండ మొదలయ్యే చోటుకి గురిపెట్టండి. కుడిచేతికి గురిపెడితే స్వరంకన్నా గోరు టిక్కుమనడమే ముందు వినపడుతుంది. 80 హెర్ట్జ్ లోకట్ (అంతకన్నా కింది శబ్దాల్ని తగ్గించే బటన్) అలవాటుగా నొక్కేస్తారు చాలామంది, వద్దు: 3 శ్రుతిలో అనుమంద్ర పంచమం (వీణలో అన్నిటికన్నా కింది స్వరానికి శ్రుతి చేసే తీగ) దాదాపు 62 హెర్ట్జ్, తీగ బరువంతా అక్కడే ఉంటుంది.

మన డెల్టా తేమకి కండెన్సర్లు చిటపటమంటాయి. పని అయ్యాక సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుతైన డబ్బాలో పెట్టాలి. భీమవరం వైపు చెరువుల పక్క ఇల్లయితే రాత్రి ప్రశాంతంగా ఉంటుందనుకోకండి, చెరువు నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు తిరిగేది అప్పుడే, రికార్డింగ్ పగలే పెట్టుకోండి.

ఇంకొకటి, ఉత్సవాల్లో మైకు సెట్టు అబ్బాయి అలవాటుగా ఎకో పెట్టేస్తాడు, హరికథకి బాగుంటుందేమో గానీ వీణకి గమకాలన్నీ ముద్దైపోతాయి. మొదలుపెట్టకముందే వెళ్లి, ఎకో సున్నా చేయించి రండి.