ఫోన్‌లో జిప్ ఫైళ్లను విప్పడం, సర్దుకోవడం

అనంతపురంలో జేఎన్‌టీయూ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో పాత ప్రశ్నపత్రాలైనా, పెళ్లి ఫోటోల స్టూడియో పంపే డ్రైవ్ లింకైనా చివరికి చేతికి వచ్చేది తరచుగా జిప్ ఫైలే, అంటే అనేక ఫైళ్లను ఒకే మూటగా కట్టిన ఫైలు. ఇంట్లో కంప్యూటర్ లేనివారు దాన్ని తెరిపించుకోవడానికి నెట్ సెంటర్‌కు వెళ్తుంటారు. నిజానికి ఆ పని ఫోన్‌లోనే పూర్తవుతుంది, సొంత ఫోటోలూ సర్టిఫికెట్లూ పరాయి కంప్యూటర్‌లో మిగిలిపోయే ప్రమాదమూ తప్పుతుంది.

విప్పే ముందు ఫోన్‌లో ఎంత ఖాళీ ఉందో తప్పక చూసుకోవాలి. ఫైళ్లు బయటికి వచ్చాక కూడా జిప్ అలాగే ఉంటుంది కాబట్టి రెండింటికీ సరిపడా చోటు కావాలి. ఫోటోలు, వీడియోలు ముందే కుదించి ఉంటాయి కనుక రెండు జీబీల ఫోటోల జిప్‌ను విప్పడానికి దాదాపు మరో రెండు జీబీలు అవసరమవుతాయి. మధ్యలో ఆగిపోయే జిప్‌లలో చాలావాటికి కారణం చోటు చాలకపోవడం, లేదా డౌన్‌లోడ్ సగంలో తెగిపోవడం.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ వారి ఫైల్స్ యాప్ తెరిచి, డౌన్‌లోడ్స్‌లో ఉన్న జిప్‌ను తాకితే లోపలి ఫైళ్ల జాబితా కనిపిస్తుంది. ‘ఎక్స్‌ట్రాక్ట్’ నొక్కితే అవి బయటికి వస్తాయి. ఐఓఎస్ 13 (2019) నుంచి ఐఫోన్‌లోనూ, ఐప్యాడ్‌లోనూ ఫైల్స్ యాప్‌లో జిప్‌ను ఒక్కసారి తాకితే చాలు, విప్పిన ఫైళ్లు దాని పక్కనే వచ్చి చేరతాయి. జిప్ లోపలున్న దరఖాస్తు ఫారాన్ని అక్కడికక్కడే తెరిచి నింపడం మాత్రం మంచిది కాదు. ముందు విప్పి, బయటికి వచ్చిన ప్రతిలో నింపితేనే మీరు రాసింది నిలుస్తుంది.

గూగుల్ డ్రైవ్ నుంచి పెద్ద ఫోల్డర్‌ను బ్రౌజర్‌లో దించుకుంటే 001, 002 అనే అంకెలతో అనేక జిప్‌లు రావచ్చు. వీటిలో ప్రతిదీ స్వతంత్రమైనదే, విడివిడిగా విప్పుకోవచ్చు. అయితే ఒకే వేడుక ఫోటోలు రెండు మూడు జిప్‌లలో చెదిరి ఉంటాయి కాబట్టి అన్నీ విప్పేదాకా ఫోటోలు తక్కువ వచ్చాయని స్టూడియోవారిని నిలదీయకండి. జిప్ లాంటిదే మరో రకం మూట రార్; పార్ట్1, పార్ట్2 అని వచ్చే రార్ ఫైళ్ల సంగతి వేరు. అన్ని భాగాలనూ ఒకే ఫోల్డర్‌లో ఉంచి, పేర్లు మార్చకుండా మొదటిదాన్ని తెరవాలి. ఒక్క భాగం లేకపోయినా పని పూర్తి కాదు. ఆండ్రాయిడ్‌లో రార్‌నూ, అలాంటిదే అయిన సెవెన్‌జెడ్ రకాన్నీ విప్పడానికి జెడ్‌ఆర్కైవర్ యాప్ సరిపోతుంది.

తెలుగులో పెట్టిన ఫైలు పేర్లు కొన్నిసార్లు అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. లోపలి విషయం చెడదు, పేరు మార్చుకుంటే సరిపోతుంది.

సర్టిఫికెట్ల స్కాన్లన్నీ ఒకే ఫైలుగా పంపాలంటే వాటిని ఎంచుకుని, ఐఫోన్‌లో గానీ శాంసంగ్ మై ఫైల్స్‌లో గానీ ‘కంప్రెస్’ నొక్కాలి. స్కాన్ల పరిమాణం పెద్దగా తగ్గదు కానీ ఏదీ మరచిపోకుండా అన్నీ కలిసి వెళ్తాయి. జీమెయిల్ జోడింపుకు 25 ఎంబీ హద్దని గుర్తుంచుకోండి.

గుర్తింపు నిర్ధారణకు ఇచ్చే ఆధార్ ఆఫ్‌లైన్ ఈకేవైసీ ఫైలు కూడా జిప్‌గానే వస్తుంది. దించుకునేటప్పుడు పెట్టుకున్న షేర్ కోడే దాని పాస్‌వర్డ్. ఆ కోడ్‌ను ఫైలుతోపాటు అదే సందేశంలో పంపకండి. పాస్‌వర్డ్ ఉన్నా మామూలు జిప్‌లో లోపలి ఫైళ్ల పేర్లు బయటికి కనిపిస్తాయి కాబట్టి పేర్లలో ఖాతా నంబర్లు రాయకూడదు. పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో వచ్చిన జిప్‌లో ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) కనిపిస్తే, పంపినవారు తెలిసినవారే అయినా దాన్ని ఇన్‌స్టాల్ చేయకుండా మొత్తం తొలగించండి. వారి ఫోన్ మోసగాళ్ల చేతికి చిక్కి ఉండవచ్చు, అందుకే కాల్ చేసి ఆ విషయం వారికీ చెప్పండి.

విప్పిన ఫోటోల్లో మొదటివీ చివరివీ తెరిచి చూసుకున్నాక అసలు జిప్‌ను తీసేయవచ్చు. డ్రైవ్ లింకును స్టూడియోవారు ఎంతకాలం ఉంచుతారో ముందే అడిగి, మరో ప్రతిని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న తర్వాతే ఆ పని చేయండి.