13వ తారీఖున ఆగిపోయే ప్రోగ్రామ్: ఒరాకిల్ తేదీలతో తిప్పలు

సమస్య: ఏప్రిల్ 1 నుంచి 12 దాకా బ్యాచ్ ప్రోగ్రామ్ చక్కగా నడిచింది. 13న ఒరాకిల్ డేటాబేస్ ఇచ్చిన ‘ఓరా-01843’ ఎర్రర్‌తో ఆగిపోయింది: నెల సరైనది కాదట. కోడ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. సర్వర్ మాత్రం మార్చి నెలాఖరులో మారింది.

ఇది నాకే ఎదురైంది. ప్రో*సీలో (సీ కోడ్‌లోనే ఎస్‌క్యూఎల్ రాసే ఒరాకిల్ పద్ధతి) రాసిన పాత ప్రోగ్రామ్. 13/04/2024 అని స్ట్రింగ్ కట్టి నేరుగా ఇన్సర్ట్‌లో పెట్టేది. కొత్త సర్వర్ ప్రొఫైల్‌లో (లాగిన్ అవగానే చదివే సెట్టింగుల ఫైల్) తేదీ వరుసను చెప్పే ఎన్ఎల్ఎస్_డేట్_ఫార్మాట్ ‘ఎంఎం/డీడీ/వైవైవైవై’ అని ఉంది. అంటే ముందు నెల, తర్వాత రోజు. 13వ నెల లేదు కాబట్టి ఆగింది. ఆగింది కాబట్టే మాకు తెలిసింది. అంతకుముందు పన్నెండు రోజుల్లో ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4గా, ఏప్రిల్ 5 మే 4గా నోరెత్తకుండా టేబుల్‌లోకి వెళ్లిపోయాయి. 4వ తారీఖు ఒక్కటే బతికింది!

కారణం: డేట్ కాలమ్‌కు ఫార్మాట్ అంటూ ఏదీ ఉండదు. ఒరాకిల్ దాన్ని శతాబ్దం నుంచి సెకను దాకా 7 బైట్లలో దాచుకుంటుంది. ఫార్మాట్ ఉండేది సెషన్‌కు, అంటే డేటాబేస్‌తో పెట్టుకున్న ఆ కనెక్షన్‌కు. స్ట్రింగ్ ఇస్తే, అప్పుడు ఆ సెషన్‌కు ఏది నడుస్తుంటే దాంతోనే చదువుతుంది.

పరిష్కారం: తేదీని హోస్ట్ వేరియబుల్‌గా (మీ ప్రోగ్రామ్‌లోని వేరియబుల్) పంపి, ఫార్మాట్ మీరే చెప్పండి: టు_డేట్(:తేదీ, 'డీడీ/ఎంఎం/వైవైవైవై'). తేదీని స్ట్రింగ్‌లోకి ఫెచ్ చేసేటప్పుడూ అంతే, టు_చార్ తప్పనిసరి. చాలామంది రెండోది మర్చిపోతారు. ఇక పాడైన వరుసల సంగతి: మా టేబుల్‌లో సిస్‌డేట్‌తో (సర్వర్ ఇచ్చే ప్రస్తుత సమయం) నిండే ‘ఎంట్రీ సమయం’ కాలమ్ ఉంది. సిస్‌డేట్ స్ట్రింగ్ దారిన రాదు కాబట్టి అది చెడదు. దాంతో పోల్చి వెనక్కి తిప్పాం. కోడ్‌కు పది నిమిషాలు, డేటాకు రెండు రోజులు పట్టింది.

సమస్య: చేత్తో నడిపితే నడుస్తుంది, క్రాన్‌లో (చెప్పిన వేళకు ప్రోగ్రామ్‌లను తానే నడిపేది) పెడితే ఎర్రర్.

క్రాన్ మీ ప్రొఫైల్‌ను చదవదు. అందులోని ఎన్ఎల్ఎస్ సెట్టింగులేవీ అక్కడ ఉండవు. ఇంకో మెలిక: ఎన్ఎల్ఎస్_లాంగ్ (భాష, అక్షరాల సెట్టింగ్) పెట్టకుండా ఎన్విరాన్‌మెంట్‌లో ఎన్ఎల్ఎస్_డేట్_ఫార్మాట్ ఒక్కటే పెడితే ఒరాకిల్ దాన్ని పట్టించుకోదు. అనుమానం వస్తే ఎన్ఎల్ఎస్_సెషన్_పారామీటర్స్ వ్యూను మీ ప్రోగ్రామ్‌లోంచే చదివి లాగ్‌లో రాయించండి. ఎస్‌క్యూఎల్ డెవలపర్‌లో చూసి లాభం లేదు, దాని సెట్టింగులు దానివి.

సమస్య: తేదీ 13-ఏప్రిల్-24 అనే కనిపిస్తుంది, వెతికితే దొరకదు.

నాలుగు అంకెలతో చూడండి: 0024 అని వస్తే, ఎవరో అప్పటికే డేట్ అయిన కాలమ్‌కు మళ్లీ టు_డేట్ తొడిగారు. ఒరాకిల్ ముందు దాన్ని డిఫాల్ట్ ఫార్మాట్‌లో స్ట్రింగ్‌గా మార్చింది, అక్కడ శతాబ్దం ఊడిపోయింది, మీ ‘వైవైవైవై’ 24ను 24వ సంవత్సరంగానే తీసుకుంది. ఆ టు_డేట్ తీసేయండి. ‘ఆర్ఆర్’ (రెండంకెల ఏడాదికి శతాబ్దాన్ని తానే ఎంచుకునే ఫార్మాట్) పెడితే పోతుంది కదా అంటారు. దానికీ హద్దుంది: ఇప్పుడు 00-49 అంటే 2000లు, 50-99 అంటే 1900లు. 1945లో పుట్టిన పెన్షనర్ 2045లో పుడతాడు.

సమస్య: నెల రిపోర్టులో 30వ తారీఖు లావాదేవీలు దాదాపు ఏవీ లేవు.

డేట్‌లో గంటలు, నిమిషాలూ ఉంటాయి. బిట్వీన్‌లో (ఈ తేదీ నుంచి ఆ తేదీ దాకా అనే షరతు) ఏప్రిల్ 30 అంటే ఆ రోజు అర్ధరాత్రి 00:00 మాత్రమే. ఏప్రిల్ 1 కన్నా తక్కువ కాకుండా, మే 1 కన్నా తక్కువగా అని రాయండి. కాలమ్‌కు ట్రంక్ (గంటలు, నిమిషాలు తీసేసే ఫంక్షన్) తొడిగితే జవాబు సరిగ్గానే వస్తుంది, కానీ ఆ కాలమ్ మీదున్న మామూలు ఇండెక్స్ పనికిరాదు.

సమస్య: ఏప్రిల్‌లో ప్రతి రసీదు మీదా సమయం 10:04, 11:04, 15:04.

నిమిషాలకు ‘ఎంఎం’ రాశారు. అది నెల. ‘ఎంఐ’ పెట్టండి. టు_డేట్‌లో అయితే ఇదే తప్పుకు ఓరా-01810 అని అరుస్తుంది, టు_చార్ మాత్రం అడిగింది అచ్చేసి ఊరుకుంటుంది.