చింతపండు, సోడా, కుంకుడు పనిచేయనప్పుడు: సమస్య, కారణం, పరిష్కారం

ఇంట్లో దొరికే వస్తువులతో శుభ్రం చేయడం మొదలుపెట్టినవారు కొద్ది వారాలకే మానేయడానికి, నా అభిప్రాయంలో, ఆ వస్తువుల బలహీనత కారణం కాదు. మరకకు తగిన పదార్థాన్ని ఎంచుకోకపోవడమే కారణం. నిమ్మ, చింతపండు, వెనిగర్ వంటి పులుపు పదార్థాలు నీటి ఉప్పులనూ లోహపు చిలుమునూ కరిగిస్తాయి. సోడా, బూడిద వంటి క్షారాలు జిడ్డును విడదీస్తాయి. కుంకుడు నురుగు మురికిని వదులుచేసి నీటితోపాటు పోయేలా చేస్తుంది. ముందుగా మరక ఏ రకానిదో తేల్చుకోవాలి.

సమస్య: కుళాయిలపై, బకెట్ల అంచులపై తెల్లని పొర ఎంత రుద్దినా పోవడం లేదు.

ఇది బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు ఆరిపోయి గట్టిపడిన పొర. దీనిపై సోడా పనిచేయదు; పులుపు కావాలి. నిమ్మరసంలోగానీ వెనిగర్‌లోగానీ తడిపిన గుడ్డను కుళాయికి చుట్టి అరగంట ఉంచి, కొబ్బరిపీచుతో తేలికగా రుద్ది కడగాలి. ఉద్దానం కొబ్బరితోటలున్న శ్రీకాకుళం జిల్లాలో పీచుకు కొరత లేదు గనుక, గీతలు పడేసే స్టీలు పీచును ఈ పనికి వాడవలసిన అవసరం లేదు. ఏళ్ల తరబడి పేరుకున్న పొర ఒక్కసారికి పోదు, రెండుమూడు విడతలు పడుతుంది. పొర గోధుమరంగులో ఉంటే నీటిలో ఇనుము ఉన్నట్టు. అప్పుడు నిమ్మచెక్కకు ఉప్పు అద్ది రుద్దాలి.

ఇదే పులుపు పాలరాయి, మొజాయిక్, నాపరాయి నేలలపై పడితే రాయినే తినేస్తుంది. అలా ఏర్పడిన మసక మచ్చ పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. అనుమానంగా ఉంటే మూల చోట ఒక చుక్క వేసి చూడండి, బుడగలు వస్తే ఆ నేలకు పులుపు పనికిరాదు.

సమస్య: సోడా, వెనిగర్ కలిపితే బాగా పొంగింది గానీ మరక అలాగే ఉంది.

ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్ వాయువు మాత్రమే. క్షారమూ ఆమ్లమూ ఒకదాన్నొకటి చంపుకొని, చివరకు ఉప్పునీరు వంటి ద్రవం మిగులుతుంది. రెండూ అవసరమైన చోట ఒకటి వాడి, పూర్తిగా కడిగి, తర్వాత రెండోది వాడాలి.

సమస్య: ఇత్తడి సామాను తోమిన మర్నాడే నల్లబడుతోంది, లేదా గులాబీ రంగుకు మారింది.

బుడితి గ్రామపు కంచు, ఇత్తడి పనికి పేరుపొందిన శ్రీకాకుళం జిల్లాలో ఈ ప్రశ్న సహజమే. చింతపండు రాగి చిలుమును కరిగిస్తుంది, కాస్త ఉప్పు కలిపితే ఆ పని వేగమవుతుంది. కానీ పులుపు కొంచెమైనా మిగిలినా, తడి ఆరకపోయినా, చిలుము మళ్లీ మొదలవుతుంది. కళింగపట్నం, భావనపాడు వంటి తీరగ్రామాల ఉప్పుగాలి దాన్ని ఇంకా తొందరచేసి పచ్చని మచ్చలు తెస్తుంది. కాబట్టి చింతపండు గుజ్జు పూసి ఐదు నిమిషాల్లో తోమి, వెంటనే కుంకుడు నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో గట్టిగా తుడవాలి. నా దృష్టిలో తోమడంకన్నా ఆ తుడవడమే ముఖ్యమైన పని. గులాబీ రంగు వచ్చిందంటే సామానును రాత్రంతా పులుపులో నానబెట్టినందువల్ల పైపొరలోని జింకు కరిగిపోయి రాగి మిగిలిందన్నమాట. జల్లించిన మెత్తని బూడిదతో నెమ్మదిగా తోమితే ఆ పొర క్రమంగా పోతుంది. లోపల కళాయి పూసిన గిన్నెలనూ, వార్నిష్ పూతతో అమ్మే అలంకరణ వస్తువులనూ ఇలా తోమకూడదు, వాటికి కుంకుడు నీళ్లు చాలు.

సమస్య: పొయ్యి వెనుక గోడ జిడ్డు నిమ్మకాయకు లొంగడం లేదు.

లొంగదు, జిడ్డుకు క్షారం కావాలి. లీటరు వేడినీటిలో ఒక చెంచా బట్టల సోడా కలిపి, చేతులకు తొడుగులు వేసుకుని తుడవాలి. అల్యూమినియం గిన్నెలకు ఈ నీళ్లు తగలనివ్వకండి, అవి నల్లబడతాయి.

సమస్య: కుంకుడు నీళ్లతో తుడిచిన నేల జిగటగా ఉంది; మిగిలిన నీళ్లు పులిశాయి.

ద్రవం చిక్కగా ఉన్నందువల్లే జిగట. మరింత నీరు కలిపి, చివర ఒకసారి మంచినీళ్లతో తుడవండి. ఇందులో నిల్వ ఉంచే మందు ఏదీ లేదు గనుక, రెండుమూడు రోజులకు సరిపడా మాత్రమే కాచుకోవాలి.

సమస్య: వానాకాలం తర్వాత గోడపై తెల్లని పొడి, నల్లని మచ్చలు.

రెండూ ఒకటి కావు. తడివేలితో తాకితే కరిగిపోయేది గోడలోంచి వచ్చిన ఉప్పు. దాన్ని పొడిబ్రష్‌తో దులపాలి, నీళ్లతో కడిగితే ఉప్పు తిరిగి గోడలోకి ఇంకుతుంది. కరగకుండా చేతికి అంటేది బూజు. దాన్ని పలచని వెనిగర్‌తో తుడిచి ఆరబెట్టాలి. అయితే చెమ్మ ఆగనంతవరకు ఏ తుడుపూ నిలవదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినట్లు, ఇక్కడి తుపానులు తరచు చలికాలం ముందే వస్తాయి గనుక, తడిసిన గోడలకు వేసవి ఎండ వెంటనే దొరకదు. సామాను గోడకు దూరంగా జరిపి, కిటికీలు తెరిచి, గోడ పూర్తిగా ఆరాకే సున్నం వేయండి. సున్నపు క్షారం బూజును పెరగనివ్వదు.

బూజుకో, మరుగుదొడ్డికో బ్లీచింగ్ పౌడర్ వాడిన చోట అదే రోజు నిమ్మ, వెనిగర్, చింతపండు వాడకూడదు, ఎందుకంటే బ్లీచింగ్ పౌడరూ పులుపూ కలిస్తే ఊపిరితిత్తులకు హానిచేసే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. పొరపాటున కలిసి ఘాటు వాసన వస్తే, కడగడానికి ప్రయత్నించకుండా పిల్లలతో సహా అందరూ వెంటనే బయటికి వెళ్లి, గాలి పూర్తిగా మారాకే లోపలికి రావాలి.