వర్కౌట్ అయ్యాక ఏం తాగాలి?

జిమ్ నుంచి రాగానే ప్రోటీన్ పొడి షేకర్ ఊపేయడం కాదు, ముందు తడిసిన టీషర్ట్ తీసేసి బరువు చూస్కోండి, వెళ్లేముందు 70 కిలోలుండి ఇప్పుడు 69 ఉంటే దాదాపు లీటరు చెమట పోయినట్టే, దానికి లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా నిదానంగా తాగాలి. ఉత్తి నీళ్లైతే కొంత బాత్రూంకే పోతాయి, ఉప్పేసిన మజ్జిగ బెటర్. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువే గానీ సోడియం (అంటే చెమటతో పోయే ఉప్పు) తక్కువ, చిటికెడు ఉప్పు కలపండి (రుచి అదోలా ఉంటది, అలవాటైపోద్ది).

కండ రిపేర్‌కి 20-25 గ్రాముల ప్రోటీన్ చాలు. పావులీటరు పాలల్లో 8 గ్రాములే, అందుకే నేను అందులో అరటిపండు, రెండు స్పూన్ల వేయించిన పల్లీలు వేసి మిక్సీ కొట్టుకుని, పక్కన రెండు ఉడకబెట్టిన గుడ్లు తినేస్తా. పావుగంట లేటైతే కండ కరిగిపోదులెండి. అరగంట నడకకైతే ఇవేం అక్కర్లేదు, మంచినీళ్లు చాలు.