స్టాంపుల మీద మోజు తగ్గిందా? ఆల్బమ్ అమ్మకండి, దారి మార్చండి

ఎనిమిదో తరగతి నుంచి స్టాంపులు పోగేస్తున్నాను. ఒంగోల్లో హైస్కూల్ లెక్కల టీచర్ని. తపాలా శాఖలో సేకరించేవాళ్ల కోసం ఫిలాటెలిక్ బ్యూరో ఉంటుంది. అక్కడ ముందే డబ్బు కట్టి పి.డి. అకౌంట్ (ఫిలాటెలిక్ డిపాజిట్ అకౌంట్) తెరిస్తే కొత్త స్టాంపులు ఇంటికే పంపుతారు. కొన్నేళ్ల కిందట అలా వచ్చే కొత్త స్టాంపుల కవర్లు విప్పకుండానే బీరువాలో పడెయ్యడం అలవాటైపోయింది. ఏళ్ల తరబడి సేకరించేవాళ్లలో చాలామందికి ఈ దశ వస్తుంది. అక్కడే చేతులెత్తేసి మొత్తం అమ్మేసినవాళ్లూ నాకు తెలుసు. ఆ తర్వాత వాళ్లు పడే బాధ కూడా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు విసుగు దేని మీదో తేల్చుకోవాలి. ఓ ఆదివారం ఆల్బమ్‌లన్నీ బల్ల మీదికి తియ్యండి. కొత్తగా ఏదీ అతికించొద్దు, సర్దొద్దు. ఊరికే పేజీలు తిప్పుతూ పోండి. చెయ్యి ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ గబగబా దాటేస్తోందో చూసుకుని ఓ కాగితం మీద రాసుకోండి. నా వరకు తళతళలాడే కొత్త స్టాంపుల వరసలన్నీ దాటేశాను. 1948 నాటి గాంధీ అణాన్నర స్టాంపు మీద సగం పడిన పొదిలి పోస్టాఫీసు ముద్ర దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయాను. పొదిలి మా అమ్మమ్మగారి ఊరు. ఆ స్టాంపు నా దగ్గర చిన్నప్పటి నుంచీ ఉంది, ముద్ర చదవాలని ఎన్నడూ తోచలేదు.

విసుగుకి కారణం అప్పుడు అర్థమైంది. పోస్టాఫీసు కౌంటర్‌లో కొని నేరుగా ఆల్బమ్‌లో పెట్టే స్టాంపు ఏ ఉత్తరాన్నీ మోయలేదు. ఏటా అలాంటివి కుప్పలుగా విడుదలవుతుంటాయి, వాటికి తోడు మినియేచర్ షీట్లు, అంటే స్టాంపులతో అచ్చేసిన చిన్న అలంకార కాగితాలు. అన్నీ కొనాలనుకుంటే డబ్బు అయిపోతుంది గానీ పని అయిపోదు. మీ కారణం వేరే కావచ్చు. ధరలు కావచ్చు, కలిసి సేకరించే స్నేహితుడు ఊరు మారడం కావచ్చు. కారణం తెలియకుండా కొత్త దారి వెతికితే రెండేళ్లలో మళ్లీ అదే విసుగు వస్తుంది.

కొత్త దారి ఎంచుకునేటప్పుడు నేను మూడు విషయాలు చూస్తాను. దానికి ఏళ్ల హద్దు ఉండాలి. మీకు అందేంత దూరంలో దొరకాలి. కేటలాగులో లేనిది మీరే కనుక్కునే వీలుండాలి. మూడోది లేకపోతే మళ్లీ ఖాళీలు నింపడమే అవుతుంది.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి నిజాం స్టాంపులు ఉన్నాయి. 1869లో మొదలై, 1950లో అక్కడి తపాలా భారత తపాలాలో కలవడంతో ముగిసిపోయాయి. 1931లో వచ్చిన చార్మినార్ అణా స్టాంపుతో మొదలుపెట్టొచ్చు. పాతవాటిలో నకిలీలు తిరుగుతుంటాయి కాబట్టి తెలిసినవాళ్లని అడక్కుండా ఖరీదైనది కొనకండి. రైలు మెయిల్ ముద్రలు ఇంకో దారి. ఆర్.ఎం.ఎస్. (రైల్వే మెయిల్ సర్వీస్) అన్న అక్షరాల పక్కన డివిజన్ గుర్తు ఉంటుంది: హైదరాబాద్‌ది జెడ్, విజయవాడది వై. శ్రీశైలం జలాశయం కింద మునిగిపోయిన ఊళ్ల పోస్టాఫీసు ముద్రలు వెతకడం మొదలుపెడితే ఒక జీవితం చాలదు. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, పాత రిజిస్ట్రేషన్ చీటీలున్న కవర్లకీ ఇప్పుడు ముగింపు వచ్చేసింది.

నేను తీసుకున్నది మా జిల్లా. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. అంటే అడ్రసులో ‘ఒంగోలు జిల్లా’ అని రాసిన ఉత్తరాలకి మధ్యలో ఉన్నది చాలా తక్కువ కాలం. కనిగిరి, దర్శి, పొదిలి వాళ్లు అంతకు ముందు నెల్లూరు జిల్లా అని రాసేవారు. మార్కాపురం, గిద్దలూరు వాళ్లు కర్నూలు జిల్లా అని రాసేవారు. 2022లో చీరాల బాపట్ల జిల్లాకి వెళ్లింది. ఒకే ఊరికి నాలుగు రకాల అడ్రసులు దొరుకుతాయి. ఇంత కథ ఏ స్టాంపు కేటలాగులోనూ ఉండదు.

ఒక్క ఇన్‌లాండ్ లెటర్ చెబుతాను. 1971 డిసెంబర్‌లో కనిగిరి నుంచి ఒంగోలు వచ్చింది. పంపినాయన తన అడ్రసులో అలవాటు కొద్దీ నెల్లూరు జిల్లా అని రాశాడు. చేరాల్సిన అడ్రసులో మాత్రం ఒంగోలు జిల్లా అని శ్రద్ధగా రాసి కింద గీత కూడా గీశాడు. అచ్చు స్టాంపు పక్కన 5 పైసల కుటుంబ నియంత్రణ స్టాంపు అతికించి ఉంది. దాని మీద హిందీలోనూ ఇంగ్లీషులోనూ శరణార్థుల సహాయం అని నల్లగా అదనపు అచ్చు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల కోసం ఆ ఏడాది నవంబర్ 15 నుంచి ఉత్తరాలకి ఆ 5 పైసలు అదనంగా అతికించాల్సి వచ్చేది. వెనక డెలివరీ ముద్ర ఉంది. డెలివరీ తేదీలోంచి పోస్టు చేసిన తేదీ తీసేస్తే ఉత్తరానికి ఎన్ని రోజులు పట్టిందో తెలిసిపోతుంది. లోపల ఉన్నది వేరుశనగ బస్తాల లెక్క. బంగ్లాదేశ్ యుద్ధం, కొత్త జిల్లా, కనిగిరి వేరుశనక్కాయలు అన్నీ ఆ ఒక్క కాగితం మీద ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇలాంటివి దొరికేది డీలర్ల దగ్గర కాదు. మన ఇళ్లలో ఉత్తరాలు ఇనప తీగకి గుచ్చి గోడకి వేలాడదీసేవారు. ఆ తీగలు ఇప్పుడు అటకల మీద ఉన్నాయి. పొగాకు, బట్టల వ్యాపారం చేసిన కుటుంబాల్లో కార్డులు కట్టలు కట్టలుగా ఉంటాయి. ఇల్లు పడగొట్టి కట్టుకునే ముందు పాత కాగితాలవాడికి వేసేస్తారు. కాబట్టి బంధువులకి, పాత విద్యార్థులకి ముందే చెప్పి ఉంచండి. హైదరాబాద్ వెళ్తే ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ పుస్తకాల మధ్య కూడా చూడండి.

ఉత్తరం లోపలిది మాత్రం ఆ ఇంటివాళ్లది. అప్పులు, పెళ్లి చూపులు, జబ్బులు అన్నీ ఉంటాయి. వాళ్లని అడిగి, వాళ్ల ముందే చదివి, ఇవ్వగలిగినవే తీసుకోండి. నేను తీసుకున్న ప్రతి ఉత్తరానికీ రెండు వైపులా ఫోటో తీసి, ప్రింటు వేయించి వాళ్లకి ఇస్తాను. ఎక్కడైనా ప్రదర్శనకి పెడితే పేర్లు కప్పేస్తాను. ఈ విషయంలో మొహమాటం వద్దు, రాజీ అసలే వద్దు.

ఇంటికి తెచ్చాక చిన్నప్పటి అలవాటు మానుకోవాలి. నీళ్లలో నానబెట్టి స్టాంపు ఊడదీయకండి. కవరు మొత్తం ఉంటేనే దానికి విలువ, ముద్ర సగం కవరు మీదే పడి ఉంటుంది. తీగ గుచ్చిన చిల్లును పూడ్చొద్దు, చిరుగుకి సెల్లోటేప్ వెయ్యొద్దు, లామినేషన్ మాట ఎత్తొద్దు. మామూలు మెత్తటి ప్లాస్టిక్ కవర్లు కొన్నేళ్లకి కాగితానికి అంటుకుంటాయి, పాలియెస్టర్ కవర్లు అడిగి కొనండి. ఏం రాసుకున్నా పెన్సిల్‌తో విడి చీటీ మీదే. కోస్తాలో వానాకాలం గాలి చెమ్మగా ఉంటుంది కనుక పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, ఆల్బమ్‌లు నిలబెట్టండి.

ఆల్బమ్ బదులు ఓ రూళ్ల నోటుబుక్ పెట్టుకోండి. పోస్టాఫీసుకో పేజీ: ఊరు, మీరు చూసిన మొదటి తేదీ, చివరి తేదీ, ముద్ర ఆకారం, అది ఏ పెద్ద పోస్టాఫీసు కింద ఉంది. పక్కన జిల్లా మ్యాప్ ఉంచుకుని దొరికిన ఊరికి చుక్క పెట్టండి. ఎవరికీ కనిపించని ఖాళీలు మీకు కనిపించడం మొదలవుతుంది. మా మ్యాప్‌లో పడమటి వైపు, నల్లమల అంచున ఇంకా చాలా ఖాళీ ఉంది.

ఇక పాత సేకరణ. మొదటి ఏడాది ఏదీ అమ్మకండి. మనసు ఎటు మళ్లుతుందో అప్పటికి తెలియదు, పైగా ఈమధ్య వచ్చిన స్టాంపులకి చాలావరకు ముఖవిలువ కూడా రాదు. చెయ్యి ఆగిన పేజీలు ఉంచుకోండి, డబుల్స్ స్కూలు పిల్లలకి ఇవ్వండి. పి.డి. అకౌంట్ వద్దనుకుంటే బ్యూరోకి ఉత్తరం రాసి మూసేయించండి, విప్పని కవర్లు బీరువాలో పేరుకుంటే వాటిని చూసినప్పుడల్లా టెన్షన్.

రూపాయల్లో, పైసల్లో విలువ ఉన్న ఆ కొత్త స్టాంపులు ఉత్తరాలకి ఇంకా పనికొస్తాయి. నేను చేస్తున్నది అదే. కవరు మీద సరిపడా స్టాంపులు అతికించి, నా అడ్రసు నేనే రాసుకుని, నోటుబుక్‌లో పేజీ ఖాళీగా ఉన్న ఊరికి వెళ్తాను. అక్కడి బ్రాంచి పోస్ట్‌మాస్టర్‌ని ముద్ర స్పష్టంగా వేయమని అడిగి, అక్కడే పోస్టు చేసి వస్తాను. కింద ఏదైనా మెత్తగా ఉంటే ముద్ర బాగా పడుతుంది, ఓ పాత పుస్తకం వెంట తీసుకెళ్లండి. టపా సంచి కట్టే వేళకి ముందే చేరుకోండి. సంచి కట్టే హడావుడిలో తీరిగ్గా ముద్ర వెయ్యడం వాళ్లకి కుదరదు.